బావ నడుము, బండి లిఫ్టు

వస్తువు కొనడం కన్నా ఎంచుకోవడమే గొప్ప అని నేనంటే మీరు నవ్వుతారు. నవ్వండి! డబ్బుంటే కొనడం ఎవరికైనా వస్తుంది. కొనకుండా నెలల తరబడి ఎంచుకుంటూనే ఉండాలంటే మాత్రం మా బావలాంటి మహానుభావుడు పుట్టాల్సిందే. రివ్యూ వీడియోలు మనుషుల్ని పాడుచేస్తున్నాయని గోల పెట్టేవాళ్ళు ఒకసారి ఆయన గ్యారేజీకి రావాలి.

ఆ గ్యారేజీలో సగం బావది, సగం మా అక్కది. బావ సగంలో ఆయన పాత మోటార్‌సైకిలు ఉంటుంది. అక్క సగంలో కుట్టుమిషను, గుడ్డ పరిచి కత్తిరించుకోవడానికి నేలమీద ఒక చాప. చుట్టుపక్కల స్కూళ్ళ యూనిఫాంలన్నీ ఆ చాపమీదే తయారవుతాయి.

ఒక ఆదివారం బావ చిన్న పీట మీద కూర్చుని చైనుకు ఆయిలు పెట్టి లేవబోయాడు. నడుం పట్టేసింది. ఇంకేముంది, ఇల్లంతా అల్లకల్లోలం! వాళ్ళమ్మ వేడినీళ్ళ సంచి తెచ్చింది. పిల్లలు టీవీ కట్టేశారు. అక్క చాప మీంచి గోడ పట్టుకుని మెల్లగా లేచి, వచ్చి, ఆయన నడుముకు ఆయింట్‌మెంట్ రాసి, మళ్ళీ గోడ పట్టుకుని కూర్చుంది. ఆ సాయంత్రమే ఇంట్లో తీర్మానం అయిపోయింది. మనిషి బండి ముందు వంగడం ఏమిటి, అవమానం కాదూ? బండే మనిషి దాకా లేవాలి. అంటే గ్యారేజీలో లిఫ్టు ఉండాలి!

లిఫ్టంటే మేడ ఎక్కేది కాదండోయ్. పొడవాటి ఇనప బల్ల. దానిమీదికి బండి ఎక్కించి కింద పెడలు తొక్కితే బల్లతో సహా బండి పైకి లేస్తుంది. ఇంత చిన్న విషయానికి ఎంచుకునేదేముంది అంటారా? అదిగో, అక్కడే మీరు పొరబడ్డారు! పెడలుతో లేచేదా, కరెంటుతో లేచేదా? వెనక చక్రం విప్పడానికి బల్ల చివరి పలక ఊడివచ్చేదా, రానిదా? బావ వీడియోల్లో మునిగిపోయాడు. ఒకాయన బ్రహ్మాండం అన్నదాన్ని ఇంకొకాయన తుక్కు అన్నాడు. లిఫ్టు ప్రియుల గ్రూపులో కూడా చేరాడు. సలహాలిచ్చేవాళ్ళు వందల్లో ఉన్నారు, లిఫ్టున్నవాడు ఒక్కడూ లేడు. ఇంత నిస్వార్థమైన సలహా ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతుంది, చెప్పండి?

లాభాలు చూడండి. బావ ఇంటిపట్టున ఉన్నాడు. చేతులకు గ్రీజు అంటలేదు. లిఫ్టు వచ్చేదాకా బండి ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్నాడు కనుక నడుం నొప్పి కూడా మాయమైంది. కొనకముందే జబ్బు నయం చేసిన వస్తువు మీకు ఇంకేదైనా తెలుసా?

ఇక కొలతలు! గ్యారేజీ పొడవు, వెడల్పు, బండి చుట్టూ తిరగడానికి ఎంత జాగా మిగులుతుంది... ప్రతి కొత్త వీడియోకూ మళ్ళీ కొలవాల్సిందే. టేపు అక్కది. ‘కాస్త ఆ కొస పట్టుకో’ అనేవాడు. అక్క కత్తెర పక్కన పెట్టి లేచి, వంగి, గోడ మూలన నేలకు ఆనించి పట్టుకునేది. బావ నిలబడి అంకె చదివేవాడు. ఆయన వంగకూడదు కదా మరి!

ఇన్ని నెలల్లో అక్క ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"ఏమండీ, అది మనకు కావలసిన ఎత్తులో ఆగుతుందా?"

బావ పొంగిపోయాడు. ఇన్నాళ్ళకు తన ఆవిడకు బండి మీద ప్రేమ పుట్టిందనుకున్నాడు. ఆగుతుందనీ, లాక్ పడుతుందనీ, సరిగ్గా నడుం దగ్గర నిలబెట్టుకోవచ్చనీ చేతులు తిప్పుతూ వివరించాడు. అయితే అదే తెప్పించేయమంది అక్క. ఇంట్లో అనుమతి దొరికిన ఆనందంలో ఆయన అప్పటికప్పుడే ఆర్డరు పెట్టేశాడు.

లిఫ్టు వచ్చింది. బావ ఫోటో తీసి గ్రూపులో పెట్టాడు. నేలకు బోల్టులు బిగించకుండా బండి ఎక్కిస్తే పడిపోతుందని ఒకరన్నారు. బిగిస్తే నేల పగులుతుందని ఇంకొకరన్నారు. ఇంకేం, బోల్టుల ఎంపిక మొదలైంది! లిఫ్టు ఖాళీగా నిలబడింది. బండి పక్కన దుమ్ము తింటోంది.

మర్నాడు సాయంత్రం ఆఫీసు నుంచి వస్తున్న బావ దారిలో కనిపిస్తే ఇద్దరం కలిసి ఇంటికెళ్ళాం. గ్యారేజీ తలుపు తీసి ఉంది. లిఫ్టు నడుమెత్తున ఆగి ఉంది. దాని మీద ప్లైవుడ్ పలక, పలక మీద నీలం గుడ్డ. అక్క నిలబడి కత్తిరిస్తోంది. నిటారుగా! మా అక్క అంత పొడుగని ఆ గ్యారేజీలో నాకు ఎప్పుడూ తోచలేదు. చాప చుట్టేసి మూలన పెట్టి ఉంది.

అది బండి కోసం తెచ్చింది కదా అని గొణిగాడు బావ.

"బండికి నడుం నొప్పి లేదు కదండీ," అంది అక్క, కత్తెర ఆపకుండా.

బావ మొహం చూడాలి మీరు.

"నీకుందా? ఎప్పట్నించి?"

"మీకు రాకముందు నుంచి."

బావ ఫోను జేబులో పెట్టేసి, లిఫ్టు పక్కకు వెళ్ళి పెడలు మీద కాలు పెట్టి, ఇంకాస్త లేపనా అని అడిగాడు. కొంచెం అంది అక్క. ఆయన తొక్కాడు. చాలంది. ఆపాడు.

ఆదివారాలు ఆయన మళ్ళీ ఆ చిన్న పీట మీదే కూర్చుని చైనుకు ఆయిలు పెడుతున్నాడు. లేచేటప్పుడు గోడ పట్టుకుంటున్నాడు. గ్రూపులో ఆ వందల మందికీ నిజంగా లిఫ్టు వాడుతున్న మనిషి దొరికింది గానీ, ఆమెను సలహా అడగాలని ఎవరికీ తట్టలేదు.

కాబట్టి అయ్యలారా, రివ్యూలను తిట్టకండి. ఎన్ని వీడియోలు కావాలంటే అన్ని చూడండి, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు కొలవండి. కొలిచేటప్పుడు మాత్రం, టేపు రెండో కొసన ఎవరు వంగి ఉన్నారో ఒక్కసారి చూడండి.