గ్రిడ్డుకు 'మనం' చేసిన సాయం

సంసారాలు నిలబెట్టడంలో కరెంటు ఆఫీసును మించినది లేదు. కావాలంటే మా ఇల్లు చూడండి. ఇరవై రెండేళ్ల కాపురంలో మా ఆయన నోట ఎన్నడూ వినని మాటను వాళ్లు ఒక్క మెసేజ్‌తో పలికించారు.

ఆ మాట 'మనం'.

సాయంత్రం ఆరు నుంచి పది దాకా అందరూ ఒకేసారి స్విచ్చులు నొక్కడంతో గ్రిడ్డు అల్లాడిపోతోందట. వాషింగ్ మెషీన్, ఇస్త్రీపెట్టె లాంటివి మధ్యాహ్నానికి జరుపుకొని సహకరించమన్నారు. మా ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

"సమాజానికి మనమూ ఏదో ఒకటి చెయ్యాలోయ్. ఇకనుంచి బట్టలు మనం మధ్యాహ్నమే వేసేద్దాం. ఇస్త్రీ కూడా మనం అప్పుడే కానిచ్చేద్దాం."

అంతకుముందు "బట్టలేశావా?" అని అడిగేవారు. ఎంత మార్పు! కాకపోతే ఆ 'మనం'లో సగం పొద్దున తొమ్మిదింటికే స్కూటరెక్కి ఆఫీసుకు వెళ్లిపోతుంది. మిగిలిన సగం ఇది రాస్తోంది.

అయినా మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా నేను వెలగబెట్టేది ఏముంది? కిటికీ పక్కన కుర్చీ, కాళ్ల కింద స్టూలు, చేతిలో లైబ్రరీ పుస్తకం. ఆ రెండు గంటలూ నాతో ఎవరికీ పని ఉండేది కాదు. కరెంటు వాళ్ల భాషలో లోడు లేని సమయం. ఎంత దుబారా!

ఇప్పుడు ఆ గంటలు కళకళలాడుతున్నాయి. మెషీన్ తిరుగుతుండగా మిక్సీ, మిక్సీ ఆగేలోపు ఇస్త్రీ, పెట్టె చల్లారేలోపు వాక్యూమ్ క్లీనర్. నా పుస్తకంలో పన్నెండో పేజీలో ఒక హత్య జరిగింది. మూడు వారాలైంది. శవం ఇంకా హాల్లోనే ఉంది, పోలీసులు రాలేదు.

మా ఒక్క ఇల్లే అనుకోకండి. రెండు కొట్టేసరికి వీధి వీధంతా గిర్రున తిరుగుతోంది. పక్కింటావిడ తడిబట్టల బకెట్‌తో గోడ దగ్గరికి వచ్చి, "మా ఇంట్లోనూ 'మనమే' చేస్తున్నాం వదినా" అంది.

మరి పనులన్నీ జరిగిపోయాక సాయంత్రం నేను ఖాళీయే కదా అని మీకు అనుమానం రావచ్చు. గ్రిడ్డు ఖాళీ. మా ఆయన త్యాగబుద్ధితో హాల్లో ఒక లైటు ఆర్పేసి, ఆ చీకట్లోంచి కాఫీ అడుగుతారు. అమ్మాయికి నీలం చున్నీ కనపడదు. అబ్బాయికి ఛార్జర్ కనపడదు. అత్తయ్యగారికి వేడినీళ్లు కావాలి.

అప్పుడు తెలిసింది. ఆరు నుంచి పది దాకా అందరూ ఒకేసారి నొక్కే స్విచ్చు మా ఇంట్లో ఒకటుంది. దాని పేరు ఏమోయ్, అమ్మా, అమ్మాయ్.

మంచిపని ఇంటినుంచే మొదలుపెట్టాలి. నిన్న ఫ్రిజ్ మీద కాగితం అతికించాను: "సాయంత్రం ఆరు నుంచి పది వరకు పీక్ అవర్స్. ఆ సమయంలో అమ్మను వాడరాదు. మీ అవసరాలను ఇతర వేళలకు జరుపుకొని సహకరించగలరు."

ఆరింటికి పుస్తకం తీసుకుని కుర్చీలో కూర్చున్నాను. మా ఆయన కళ్లజోడు పెట్టుకుని ఆ కాగితాన్ని రెండుసార్లు చదివారు.

"మరి వంటో?"

"మనం చేసేద్దాం లెండి" అని పేజీ తిప్పాను.

పదమూడో పేజీలో పోలీసులు దిగారు.