ఎడిటర్ తీసేసింది

ఆ ఆదివారం పొద్దున గుమాస్తాగారు పెట్టుకున్న పని చాలా చిన్నది. ఆఫీసు వార్షికోత్సవానికి తాను రాసిన నాటకాన్ని సరిచూసి, సాయంత్రం రిహార్సల్‌కి ముందే అందరికీ పంపాలి. తీరా చూస్తే ఫైల్లో రెండో రంగం రెండుసార్లు అతికించి ఉంది. చేత్తో తీసేస్తే సరిపోయేది. కానీ టెక్స్ట్ ఎడిటర్ మెనూలో ‘డూప్లికేట్ లైన్లు తొలగించు’ అన్న మాట కంటబడింది. నొక్కారు. నాటకం చిక్కి సగమైంది. ముచ్చటపడి, సేవ్ చేసి, చదవకుండానే పంపేశారు.

అందులో భర్త వేషం ఆయన బావమరిదిది. అదే ఆఫీసులో స్టోర్సు చూస్తాడు. పుట్టి బుద్ధెరిగి స్టేజీ ఎక్కలేదు. ఈ వేషం కోసం మీసం తీయించుకుని, చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పుకున్నాడు, పాపం. భార్య ఏమడిగినా "అలాగే" అనడమే ఆ వేషం. ఎడిటర్ లెక్కలో మొదటి "అలాగే" తప్ప మిగతావన్నీ నకళ్ళే.

కాసేపటికి గుమాస్తాగారి భార్య ఫోను పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"మా తమ్ముడు ఏడుస్తున్నాడండీ. వాడికి ఒక్క మాట మిగిల్చారట."

"నేను తియ్యలేదే. ఎడిటర్ తీసేసింది."

"ఎవరావిడ?"

"ఆవిడ కాదు. కంప్యూటర్లో ఉంటుంది."

"అంటే ఇంకా ఎదురుగా చూసుకోలేదన్నమాట."

"అబ్బ, రోజూ దాంతోనే కదా నా పని."

"రోజూనా?"

ఫోన్లో తమ్ముడు ఇదంతా విని తల్లికి చేరవేశాడు. అత్తగారు, ఆ అమ్మాయెవరో చూడాలని కూతుర్ని కూడా వెంటబెట్టుకుని రిహార్సల్‌కి బయలుదేరారు. పోయిన "అలాగే"లన్నీ మళ్ళీ టైపు చేద్దామని గుమాస్తాగారు కూర్చుంటే, "ఆవిడకి ఉత్తరమా?" అని భార్య కంప్యూటర్ కట్టేసింది.

రిహార్సల్లో బావమరిది తన ఒక్క "అలాగే" అనేసి, ఆపైన బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. స్టేజీ మీది భార్య ప్రశ్న మీద ప్రశ్న వేస్తోంది. అతను నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. ముందు మేనేజరు నవ్వాడు, తర్వాత హాలంతా నవ్వింది. అత్తగారికైతే నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు వచ్చాయి.

"నాటకానికి ప్రాణం ఇతనే," అన్నాడు మేనేజరు. బావమరిది మొహం చేటంత అయింది. అది చూసి గుమాస్తాగారికి గుండె మీది బరువు దిగింది.

ఇంటికి వస్తూ భార్య మెత్తబడింది. "ఆ ఎడిటరమ్మకి నాటకమంటే తెలుసండీ. ఇకమీదట మీరేం రాసినా ముందు ఆవిడకి చూపించండి."

గుమాస్తాగారు వివరించబోయి, మానుకున్నారు.

"అలాగే," అన్నారు.

నాటకంలో పోయిన "అలాగే"లన్నీ ఆయన దగ్గర భద్రంగానే ఉన్నాయి.