నెలాఖరులోగా ఆపరేషన్

ఆ పొద్దున స్టోర్‌కీపరు వేసుకున్న పథకం చిన్నదే. భార్య పిత్తాశయంలో రాళ్లున్నాయి, నెలాఖరులోగా ఆపరేషన్ చేయించెయ్యాలి. ఫ్యాక్టరీ అతణ్ని పీకేసి వారమైంది. కుటుంబానికిచ్చిన ఆరోగ్య బీమా మాత్రం నెలాఖరు దాకా చెల్లుతుందట. మనిషిని ఒక్క పూటలో గెంటేసినవాళ్లు కాగితానికి అంత గడువిచ్చారు. ఈ సంగతి అతను ఇంట్లో చెప్పలేదు. రోజూ క్యారేజీ పట్టుకుని బయల్దేరి, బస్టాండు బెంచీ మీద తిని వస్తున్నాడు.

"ఇప్పుడేం తొందరండీ? నొప్పి లేదుగా. పిల్ల పరీక్షలయ్యాక చూద్దాం," అంది భార్య.

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. "ఆలస్యమైతే ప్రాణం మీదకొస్తుందన్నాడు డాక్టరు. గురువారం రమ్మన్నాడు."

డాక్టరు అలా అనలేదు. వీలు చూసుకుని రండి అన్నాడు, అంతే.

ఆమె హడలిపోయి తమ్ముడికి ఫోన్ చేసింది. తమ్ముడు బస్సు డిపోలో మెకానిక్కు, యూనియన్ నాయకుడు. అన్యాయం వాసన తగిలితే ముందు టెంటు వేయించి, తర్వాత సంగతి కనుక్కునే రకం. రిపోర్టులు లాక్కుపోయి ఇంకో డాక్టరుకు చూపించాడు. ఆర్నెల్లు ఆగినా ఫర్వాలేదన్నాడా డాక్టరు.

"చూశావా బావా? భయపెట్టి కడుపులు కోస్తున్నారు. నీలాంటి అమాయకుల వల్లే వాళ్లు మేడలు కడుతున్నారు."

"పోనీలేరా. ఎప్పటికైనా కోయించాల్సిందేగా."

"ఆ పోనీలే బుద్ధే మనల్ని ముంచింది."

గురువారం ఆపరేషన్‌కు బదులు ఆస్పత్రి గేటు ముందు టెంటు లేచింది. డిపో వాళ్లు వచ్చారు. బిల్లులు కట్టి ఒళ్లు మండిపోయినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చేరారు. వాళ్ల కోపంలో మాత్రం అబద్ధం లేదు. ఆస్పత్రి వాళ్లు బిగుసుకుని, అత్యవసరం కాని ఆపరేషన్లన్నీ ఆపేశారు. బాధితురాలి భర్త అని స్టోర్‌కీపరుకు మైకిచ్చారు.

"నా భార్యకి ఆపరేషన్..." అన్నాడు.

"వద్దు, వద్దు," అని జనం అందుకున్నారు. చప్పట్లు ఆగాక మైకు బావమరిది చేతికి వెళ్లిపోయింది.

అలా నెల గడిచిపోయింది. ఒకటో తారీఖు పొద్దున ఆస్పత్రి పెద్ద డాక్టరు గేటు దాకా వచ్చి క్షమాపణ చెప్పాడు. బావమరిదిని భుజాల మీదకెత్తారు. ఆ సందడిలోనే అతని అక్క పొట్ట పట్టుకుని టెంటు కింద ఒరిగిపోయింది. ఇప్పుడు నిజంగానే ప్రాణం మీదకొచ్చింది. వెంటనే కోయాలన్నారు.

"బీమా నిన్నటితో అయిపోయిందండీ. మీరిప్పుడు ఉద్యోగంలో లేరు కదా," అంది కౌంటరు అమ్మాయి.

స్ట్రెచరు మీంచి భార్య తల తిప్పింది. "ఎప్పట్నుంచి?"

"పోయిన నెల మొదట్నుంచీ."

"మరి క్యారేజీ?"

"బస్టాండులో తింటున్నా."

ఆమె కళ్లు మూసుకుంది. "చెప్తే అప్పుడే కోయించుకునేదాన్ని కదండీ."

"నాకైనా చెప్పొద్దా బావా?" అన్నాడు బావమరిది. మెడలో దండ ఇంకా తియ్యలేదు.

"ఎక్కడ చెప్పనిచ్చావురా?"

ఫ్యాక్టరీ పరిహారమంటూ చేతిలో పెట్టిన డబ్బు, ఏడాది తిండికి దాచుకున్నది, మొత్తం తీసుకుని స్టోర్‌కీపరు డబ్బు కట్టే కిటికీ దగ్గరికి నడిచాడు. అన్ని రోజుల పోరాటంలోనూ ఆస్పత్రిలో ఒక్క పూటైనా మూతపడని కిటికీ అదొక్కటే.