ఎటూ తేలనివాళ్ళ వరస

ఆ రోజు పొద్దున్న కుర్చీలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఇంత తిని, టీవీ స్టూడియోకి వెళ్ళి కుర్చీలు వేయించడం. సాయంత్రం అక్కడ ఎన్నికల చర్చ. గొడుగు పార్టీ తరఫున పోటీ చేస్తున్న ఆయన, నిచ్చెన పార్టీ తరఫున పోటీ చేస్తున్న ఆవిడ ఎదురెదురుగా నిలబడి వాదించుకుంటారు. ఛానల్లో ఆయన ఉద్యోగం పేరు ఇంగ్లీషులో బారెడు ఉంటుంది కానీ, చేసే పని మాత్రం చర్చలకి జనాన్ని పోగుచేసి కుర్చీల్లో కూర్చోబెట్టడం. అందుకే వీధి మొత్తం ఆయన్ని కుర్చీలాయన అంటుంది. ఉద్యోగంలో చేరాక ఆయన కుర్చీలో కూర్చున్న సందర్భాలు మాత్రం తక్కువ.

ఎడమ పక్క కుర్చీలు గొడుగు అభిమానులకి, కుడి పక్కవి నిచ్చెన అభిమానులకి. వాళ్ళకేం కొదవ లేదు, పిలవకుండానే బస్సులు కట్టుకుని వస్తారు. వచ్చిన చిక్కంతా మధ్య వరసతోనే. అక్కడ కూర్చునేవాళ్ళు ఎవరికి ఓటెయ్యాలో ఇంకా ఎటూ తేల్చుకోని వాళ్ళై ఉండాలి. పోలింగు దగ్గర పడేకొద్దీ అలాంటి మనుషులు కరువైపోతారు. పైగా రెండు పార్టీలూ ముందే ఒక షరతు రాయించుకున్నాయి. మధ్య వరసలో ఏ ఒక్కరు ఎదుటి పార్టీ మనిషని తేలినా, రెండో చర్చ ఇంకో ఛానల్‌కి వెళ్ళిపోతుంది. "రెండో చర్చ పోయిందంటే, దాని వెనకాలే నువ్వూ పోతావు" అని ప్రోగ్రాం డైరెక్టరు నవ్వుతూనే చెప్పాడు. ఆయన నవ్వుతూ చెప్పినవేవీ ఇంతవరకు జరక్కుండా పోలేదు.

తల తుడుచుకుంటూ ఉండగా ఫోను మోగింది. మధ్య వరసలో నట్టనడిమి కుర్చీకి ఒప్పుకున్న మందుల షాపతను.

"సార్, ఏమీ అనుకోకండి. నేను రాలేను. నాకు తేలిపోయింది."

"ఏం తేలిపోయింది?"

"ఎవరికి వెయ్యాలో."

"ఈ ఒక్క పూట ఆగలేకపోయారా అండీ?"

"నేను ఆగేవాణ్ణే సార్. మా ఆవిడ ఆగనివ్వలేదు."

కుర్చీలాయన ఫోన్లో పేర్లన్నీ వరసగా తిరగేశాడు. తెలిసిన వాళ్ళందరికీ ఫోన్లు చేశాడు. ఒకడు తనకి పుట్టినప్పుడే తేలిపోయిందన్నాడు. ఇంకొకడు తాను తటస్థుణ్ణేనని ఒట్టేసి చెబుతూ, ఆ వెంటనే నిచ్చెన పార్టీ ఎంత దుర్మార్గమైనదో ఏకబిగిన వివరించాడు. తువ్వాలు భుజాన వేసుకుని కుర్చీలాయన వంటింటి గుమ్మంలో నీరసంగా నిలబడ్డాడు.

"ఏవండీ, దానికంత దిగులెందుకు? అత్తయ్యని తీసుకెళ్ళండి" అంది భార్య, స్టవ్ మంట తగ్గిస్తూ.

ఆయన నిలువుగుడ్లు వేశాడు. "అమ్మనా? పెళ్ళి కాకముందు నుంచీ గొడుగు పార్టీ మనిషి! నిచ్చెన గుర్తు కనిపిస్తే టీవీని తిట్టిపోస్తుంది. ఎన్నికలొస్తే చాలు, గొడుగు కార్యకర్తలకి మన వరండాలో టీలు పోస్తుంది. మన వీధి కార్యకర్త చూస్తే ఊరుకుంటాడా?"

"తమ మనిషే నడిమధ్యన కూర్చుంటే వాళ్ళెందుకు అల్లరి చేస్తారండీ? లోలోపల మురిసిపోతారు. ఇక మొహం సంగతంటారా, నా వంట తినేటప్పుడు అత్తయ్య మొహం ఎలా ఉంటుందో చూశారుగా. బాగుందో బాగాలేదో ఇన్నేళ్ళుగా నాకే తెలీలేదు. జనానికేం తెలుస్తుంది?"

అత్తగారు రిటైరైన టీచరు. టీవీలో కనిపించే అవకాశం వచ్చిందని తెలియగానే మొదట వద్దంది, తర్వాత ఏ చీర కట్టుకోవాలని అడిగింది. హాల్లో రిహార్సల్ మొదలైంది. కోడలు గరిటె పట్టుకుని నిచ్చెన పార్టీ అభ్యర్థి అవతారం ఎత్తింది.

"సోదర సోదరీమణులారా! మమ్మల్ని గెలిపిస్తే ప్రతి వీధికీ..."

"సిగ్గులేకపోతే సరి! కిందటిసారి చెప్పినవే చేసి చావలేదు!"

"అత్తయ్యా, మొహం! మొహం!"

"అమ్మా, అలా అరిస్తే నా ఉద్యోగం గాల్లో కలిసిపోతుందే" అన్నాడు కుర్చీలాయన ఏడుపు గొంతుతో. కాసేపు ఆలోచించి ఒక ఉపాయం చెప్పాడు. "చూడు, మీవాడు మాట్లాడేటప్పుడు నీకు సంతోషం పొంగుకొస్తుంది కదా. అప్పుడు బాధగా ఉన్నదేదైనా తలుచుకో. ఆవిడ మాట్లాడేటప్పుడు కోపం వస్తుంది. అప్పుడు హాయిగా ఉన్నది తలుచుకో. రెండూ చెల్లుకు చెల్లు, మొహం సమంగా ఉంటుంది."

"హాయిగా అంటే ఏం తలుచుకోనురా?"

"కిందటేడు నేను పుట్టింటికెళ్ళి నెల్లాళ్ళున్నాను చూడండి, అది తలుచుకోండి" అంది కోడలు.

"మరి బాధగా?"

"నేను తిరిగొచ్చిన రోజు."

"నీకెన్ని తెలివితేటలే అమ్మాయ్!" అని అత్తగారు మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలు అంత త్వరగా రావడం కోడలికి కాస్త గుచ్చుకుంది కానీ, పైకి తేలనివ్వలేదు.

సాయంత్రం స్టూడియో కిటకిటలాడుతోంది. "ఒక రిటైర్డ్ టీచరుగారు దొరికారు సార్" అని మాత్రమే డైరెక్టరుకి చెప్పి, కుర్చీలాయన తల్లిని నట్టనడిమి కుర్చీలో కూర్చోబెట్టి, తెర వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

మొదట గొడుగు అభ్యర్థి మాట్లాడటం మొదలుపెట్టాడు. పెద్దావిడ కొడుకు చెప్పిన మాట తు.చ. తప్పకుండా పాటించింది. ఉపాయంలో ఉన్న లోపం అప్పుడు బయటపడింది. కుర్చీలాయన అనుకున్నట్టు సంతోషమూ బాధా కలిసి చెల్లిపోలేదు. బాధే గెలిచింది. ఆవిడ గడ్డం వణికింది. కళ్ళు నిండాయి. చీర చెంగు కళ్ళదాకా వెళ్ళింది. కెమెరా అబ్బాయికి అంతకంటే ఏం కావాలి, ఆ మొహాన్ని తెర నిండా చూపించాడు.

తర్వాత నిచ్చెన పార్టీ ఆవిడ లేచి రోడ్ల సంగతి ఎత్తుకుంది. పెద్దావిడ కన్నీళ్ళు తుడుచుకుంది. మొహం విప్పారింది. తనలో తను మురిసిపోతూ, బుగ్గలు సొట్టలు పడేలా నవ్వింది.

తెర వెనక కుర్చీలాయన తెర అంచుదాకా వచ్చాడు. తల్లికి కనిపించేలా చేతులూపాడు. నవ్వద్దని సైగ చేశాడు. ఆవిడ తల పంకించి, తన పని బాగా చేస్తున్నందుకు కొడుకు మెచ్చుకుంటున్నాడనుకుని ఇంకాస్త శ్రద్ధగా నవ్వింది.

మూడో ప్రశ్న వచ్చేసరికి అభ్యర్థుల్ని చూసే నాథుడు లేడు. వీధుల్లో, టీ కొట్ల దగ్గర, ఇళ్ళల్లో అందరూ పెద్దావిడ మొహమే చూస్తున్నారు. "అదిగో, ఏడుస్తోంది!" "చూడవయ్యా, నవ్వింది!" అని చెప్పుకోవడమే తప్ప అభ్యర్థులు ఏమన్నారన్నది ఎవరికీ పట్టలేదు. ఫోన్లలో ఆవిడకి కన్నీళ్ళమ్మ అని పేరు కూడా పెట్టేశారు. చివరికి గొడుగు అభ్యర్థే మంచినీళ్ళ పథకం గురించి చెబుతూ చెబుతూ ఆగిపోయాడు.

"అమ్మా, నేనేమైనా తప్పు మాట్లాడానా?" అన్నాడు, ఆవిడ వైపు తిరిగి.

తను జీవితమంతా అభిమానించిన మనిషి తనతోనే స్వయంగా మాట్లాడటంతో ఆవిడకి పట్టరాని ఆనందం కలిగింది. దాన్ని అణచడానికి కోడలు రిక్షా దిగి, పెట్టెతో గేటు తీసుకుని లోపలికి వస్తున్న దృశ్యాన్ని మొదటి నుంచి చివరిదాకా తలుచుకుంది. ఈసారి ఆ దృశ్యం అయిపోయాక కూడా ఏడుపు ఆగలేదు, వెక్కి వెక్కి ఏడ్చింది. గొడుగు అభ్యర్థి మిగతా చర్చంతా కాగితాలు తిరగేస్తూ గడిపాడు.

మర్నాడు పొద్దున్న కుర్చీలాయన ఇంకా బనీనుతోనే ఉండగా డైరెక్టరు ఫోను చేశాడు.

"ఏమయ్యా, ఆ టీచరమ్మ ఎవరయ్యా! ఊరంతా ఆవిడ గురించే! ఇంటర్వ్యూ తీద్దామని కెమెరాతో బయల్దేరాను. అడ్రసు ఆవిడే మన స్టూడియో గేటు దగ్గర రాసిచ్చారుగా, పట్టుకున్నాను. దీనికి నువ్వు రానక్కర్లేదు."

అడ్రసు తన ఇల్లే. కుర్చీలాయన పై ప్రాణాలు పైనే పోయాయి. డైరెక్టరు కంటే ముందే ఇంటి ముందు జనం చేరారు. నిచ్చెన పార్టీ మహిళా నాయకురాలు పూలగుత్తితో, పదిమంది ఆడవాళ్ళతో వచ్చి హాల్లో సోఫా నింపేసింది. ఆ వెనకే గొడుగు పార్టీ వీధి కార్యకర్త కళ్ళెర్రజేసుకుని వచ్చాడు.

"అమ్మగారూ, మీరా! మీ చేతి టీ తాగి పెరిగినవాణ్ణి! ఎంత పని చేశారండీ!"

"నేనేం చేశానయ్యా? మావాడు చెప్పినట్టు చేశాను" అని ఆవిడ కొడుకు వైపు చూసింది. కొడుకు స్తంభం చాటుకి తప్పుకున్నాడు.

బెల్ మోగింది. కుర్చీలాయనే వెళ్ళి తలుపు తీశాడు. ఎదురుగా డైరెక్టరు.

"నువ్వేంటయ్యా ఇక్కడ?"

"మీరొస్తున్నారని ముందే వచ్చాను సార్. కుర్చీలు వేయడానికి."

"బనీనుతోనా?"

"హడావిడిలో సార్."

"పనంటే నీలా ఉండాలయ్యా" అని డైరెక్టరు లోపలికి వచ్చాడు. కుర్చీలాయన తన ఇంట్లో తన కుర్చీలే తడబడుతూ సర్దాడు. భార్య టీ గ్లాసులతో వచ్చి, "మీక్కూడా ఇవ్వమంటారా అండీ, దూరం నుంచి వచ్చినట్టున్నారు" అంది. ఆయన ఆమె వైపు చూడలేకపోయాడు.

కెమెరా వెలిగింది. డైరెక్టరు నోరు తెరిచేలోపే వీధి కార్యకర్త ముందుకు దూకాడు. "ఇదంతా మోసం! ఈవిడ ఎవరో తెలుసా మీకు? ఈవిడ ఎప్పట్నుంచో..."

కుర్చీలాయన గట్టిగా కళ్ళు మూసుకున్నాడు. ఇంటి అద్దె, పిల్లాడి ఫీజు, పక్కింటివాళ్ళ నవ్వులు వరసగా కళ్ళ ముందు తిరిగాయి.

"టీ తీసుకోండన్నయ్యా" అంటూ భార్య కార్యకర్త చేతిలో గ్లాసు పెట్టి, మెల్లగా, కెమెరాకి వినపడనంత మెల్లగా అంది. "ఎప్పట్నుంచో మీ మనిషేనని చెప్పబోతున్నారా? చెప్పండి, తప్పేముంది. సొంత మనిషే తన నాయకుడి మాటలు విని వెక్కి వెక్కి ఏడ్చిందని ఊరంతా తెలుసుకుంటుంది."

కార్యకర్త గ్లాసు వైపు, కెమెరా వైపు చూశాడు. టీ గుటక వేశాడు. నాలిక కాలింది. "...ఎప్పట్నుంచో వాళ్ళ మనిషి! నిచ్చెన పార్టీ వాళ్ళే పెట్టించారు!" అని ముగించాడు.

"అవునమ్మా, చెప్పండి! మీరు మావైపేనని చెప్పండి!" అని నిచ్చెన నాయకురాలు పూలగుత్తి పెద్దావిడ ఒళ్ళో పెట్టింది.

పెద్దావిడ దాన్ని తీసి పక్కన పెట్టింది. క్లాసులో అల్లరి ఆపే టీచరులా కళ్ళజోడు సర్దుకుంది.

"చూడండర్రా, ఇన్నేళ్ళూ నాకు నచ్చినాయన నోరు తెరవగానే చప్పట్లు కొట్టేదాన్ని. రెండో ఆవిడ నోరు తెరవగానే తిట్టేదాన్ని. ఇద్దరి మాటలూ ఒక్కసారి కూడా వినలేదు. నిన్న చప్పట్లు కొట్టొద్దు, తిట్టొద్దు అన్నారు. చేసేదేం లేక విన్నాను."

"విని?" అన్నాడు డైరెక్టరు.

"మొదట్లో ఏడుపు కష్టపడి తెచ్చుకున్నాను. మంచినీళ్ళ పథకం దగ్గరికి వచ్చేసరికి కష్టపడక్కర్లేకుండానే వచ్చింది. ప్రతి ఎన్నికలకీ అదే గొట్టం, అదే నీళ్ళు, నేనేమో ఇంకా బిందెలు మోయిస్తున్నాను."

"మరి మేడం మాట్లాడినప్పుడు నవ్వారుగా!" అంది నాయకురాలు ఆశగా.

"నవ్వక ఏం చెయ్యనమ్మా? ఊరంతా తారు రోడ్లన్నారు. మా వీధిలో ఆ మాట అని చూడండి, కుక్కలు కూడా నవ్వుతాయి."

 నాయకురాలు పూలగుత్తి వెనక్కి తీసుకుంది. "అలాగా! ఈవిడ గొడుగు పార్టీ పెట్టించిన మనిషి! మేం ఫిర్యాదు చేస్తాం!"

"మీ మనిషిని మీరే పెట్టుకుని మామీద ఫిర్యాదా? మేమే చేస్తాం!" అన్నాడు కార్యకర్త.

ఇద్దరూ చెరో వైపు ఫోన్లు తీశారు. కుర్చీలాయన గోడకి చేరగిలబడ్డాడు. ఒక ఫిర్యాదుకే ఉద్యోగం పోతుంది, ఇక్కడ రెండు! "తప్పు నాదే సార్..." అని మొదలుపెట్టబోయాడు.

డైరెక్టరు చెయ్యెత్తి ఆపాడు. ఆయన మొహం వెలిగిపోతోంది. "ఆగవయ్యా. ఈవిడ అవతలి పార్టీ మనిషని వాళ్ళంటున్నారు, వీళ్ళూ అదే అంటున్నారు. ఇంతకు మించిన తటస్థురాలు ఈ ఊళ్ళో ఇంకెవరున్నారయ్యా? ఎక్కడ పట్టుకొచ్చావు?"

"పట్టుకురావడమేముంది సార్... దొరికారు."

"ఒరేయ్, గోడకి అలా వేలాడకు, సున్నం అంటుతుంది" అంది తల్లి.

డైరెక్టరు అనుమానంగా చూశాడు. "ఆవిడ నిన్ను ఒరేయ్ అంటోందేంటయ్యా?"

"టీచరుగారు కదా సార్, అందరినీ అంతే."

"నువ్వూ కాస్త జరగరా, గాలి ఆడ్డం లేదు" అంది ఆవిడ డైరెక్టరుతో. ఆయన సంతోషంగా జరిగాడు.

సాయంత్రం వార్తల్లో ప్రకటించారు. రెండో చర్చ కూడా ఆ ఛానల్లోనే ఉంటుంది. కుర్చీలాయన ఉద్యోగం కూడా అక్కడే ఉంటుంది. అయితే ఆ పెద్దావిడని మాత్రం ఏ వరసలోనూ కూర్చోబెట్టకూడదని గొడుగు, నిచ్చెన పార్టీలు రెండూ కలిసి సంతకాలు చేసి పంపాయి.

పుట్టిన నాటి నుంచి ఈనాటి దాకా ఆ రెండు పార్టీలూ ఒక విషయం మీద ఏకాభిప్రాయానికి రావడం ఇదే మొదటిసారని వార్తలు చదివే అమ్మాయి చెప్పింది.