ఎక్కనివ్వని రైలు

రైలును మనిషి కనిపెట్టింది ఎక్కడానికి కాదు, చూడడానికేనని 2002లో తిరుపతిలో అధికారికంగా తేలిపోయింది.

కొండ కడుపు తొలిచి కట్టిన భూగర్భ స్టేషన్ అది. గోడలన్నీ చెక్కకుండా వదిలేసిన ఎర్రరాయి. నూరడుగుల ఎత్తున పైకప్పు, దాని నడుమ కన్నంలోంచి ప్లాట్‌ఫాం మీద పడే ఎండ. ఇంత అందాన్ని ప్రయాణికుల పాలు చేయడం అన్యాయమని భూగర్భ రైలు వైభవ సంస్థ తీర్మానించి, సందర్శకులకు క్యూ పెట్టింది. (ప్రయాణికులకు పెట్టలేదు. వాళ్ల ప్రస్తావన ఫైల్లో ఎక్కడా లేదట.)

పూతలపట్టు రైతు ఏకాంబరం తన కూతురు రేవతితో ఏడున్నరకే బస్సు దిగాడు. పదకొండుకు ఊరి ఆ చివర ఇంజనీరింగ్ కౌన్సెలింగు. ర్యాంకు పిలిచినప్పుడు పలక్కపోతే సీటు వెనకవాళ్లకు పోతుంది. ఆ సీటు కోసం పిల్ల రెండేళ్లు టీవీ మొహం చూడలేదు. స్టేషన్ కోసం రోడ్లన్నీ తవ్వేశారు గనక ఆటోవాళ్లు రామని దండం పెట్టేశారు. రైల్లో అయితే నాలుగే నిమిషాలు.

"రైలెక్కాలప్పా," అన్నాడు ఏకాంబరం, గేటు దగ్గర కూర్చున్న ప్రవేశ పర్యవేక్షకుడు చెంగల్రాయుడితో.

"ఎక్కేదానికా? ఎందుకు?"

"ఆ పక్కకు పోయేదానికి."

"దానికి ఫారం ఉండాది. పై ఆఫీసోళ్లు ఒప్పుకునేదానికి ఇరవై ఒక్క దినాలు. సూసేదానికైతే ఇప్పుడే పో. చెప్పులు ఆడ ఇడిసిపెట్టు."

చెప్పులెందుకు విడవాలని ఏకాంబరం అడగలేదు. క్యూ కనబడితే చెప్పులు విడవడం ఆ ప్రాంతంలో ఎవరూ ఎవరికీ నేర్పని పని. ఒకటో గదిలో కూర్చోబెట్టి గంటన్నర తర్వాత రెండో గదిలోకి తోలారు. మధ్యలో వేడి పాలు ఇచ్చారు. జనం మెచ్చుకుంటూ తాగారు.

"నాయనా, పదిన్నరయింది," అంది రేవతి, ఏడుపు గొంతుతో.

"నా చెయ్యి వదలొద్దు పాపా. రైలు కనపడతానే ఎవురడ్డమొచ్చినా నూకుకోని ఎక్కేద్దాం." ఏకాంబరం పంచె ఎగ్గట్టాడు.

పావు తక్కువ పదకొండుకు తలుపు తీశారు. ఎదురుగా ఎర్రరాయి, ఎండ, ఆ ఎండలో రైలు. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల ఒక్క మనిషి లేడు. రెండే అడుగుల దూరం. ఏకాంబరం కాలెత్తాడు.

"జరగండి! జరగండి!" అంటూ సిబ్బంది ఒకామె అతని భుజం మీద చెయ్యి వేసింది.

ఆ మాట వింటే జరగడం ఏకాంబరానికి పుట్టుకతో వచ్చిన విద్య. కూతురి చెయ్యి వదిలేశాడు. రెండు చేతులూ జోడించి, కళ్లు మూసుకుని, జరిగాడు.

కళ్లు తెరిచేసరికి బయట ఎండలో ఉన్నాడు. రేవతి వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"ఎత్తిన కాలు యాడ పెట్టినానో నాకే తెలీలేదు పాపా," అన్నాడు. సిగ్గుతో కూతురి మొహం చూడలేకపోయాడు.

పదకొండూ పదికి కౌన్సెలింగ్ హాల్లో రేవతి ర్యాంకు మూడుసార్లు పిలిచి, వెనకవాళ్లను పిలిచారు.

ఆ సాయంత్రం సంస్థ ప్రకటన వెలువడింది: "నేడు పద్నాలుగు వేల మంది రైలును తృప్తిగా చూసుకున్నారు. ఒకరు ఎక్కబోయినప్పటికీ, ఎలాంటి బలప్రయోగం లేకుండా, తమంతట తామే విరమించుకున్నారు."