గుమ్మడికాయకు మొదటి గాటు

ఆ గురువారం ఉదయం హరికిషన్ ఆఫీసుకు బయల్దేరుతూ టిఫిన్ డబ్బాతోపాటు గ్యాస్ లైటర్‌ను కూడా బ్యాగులో వేసుకున్నాడు. రైల్వే ఆఫీసులో ఫైళ్లు చూసుకునే మనిషికి గ్యాస్ లైటర్‌తో ఏం పనని ఎవరైనా అడిగితే చెప్పుకోలేడు గానీ, మూడు నెలలుగా అది రోజూ మల్కాజ్‌గిరి నుంచి సికింద్రాబాద్‌కు వెళ్లి సాయంత్రం తిరిగి వస్తోంది. కారణం వాళ్లమ్మ కమలాబాయి. ఆమె ఒకరోజు పాలు పొయ్యి మీద పెట్టి, బాల్కనీలో బట్టలు ఆరేస్తూ మరిచిపోయింది. గిన్నె మాడింది, ఇల్లంతా పొగ కమ్మింది. అంతే, అరవై ఏడేళ్ల కమలాబాయి ఇక పొయ్యి ముట్టకూడదని కొడుకు తీర్పు చెప్పేశాడు.

"యాభై ఏండ్లు వండిన. ఒక్క గిన్నె మాడితే గింత శిక్షనా?" అని ఆమె ఆ రోజే నిలదీసింది.

"శిక్ష కాదమ్మా, సేఫ్టీ," అన్నాడు హరికిషన్.

ఆ సేఫ్టీ అక్కడితో ఆగితే కమలాబాయి ఓర్చుకునేదేమో. ఇవాళ మధ్యాహ్నం రెండింటికి కుసుమకుమారి అనే వంటమనిషి ఇల్లు చూడటానికి వస్తోంది. కోడలు ఊర్మిళ బ్యాంకులో సగం రోజు సెలవు పెట్టి మరీ ఆమెను వెంటబెట్టుకొస్తుంది. కుదిరితే ఒకటో తారీఖు నుంచి వంటిల్లు ఆవిడ చేతికి పోతుంది. తన ఇంట్లో తను చాయ్ తాగాలన్నా ఇంకొకరిని అడగాలన్నమాట. ఆ ఆలోచనతో నిన్నంతా ఆమెకు అన్నం సయించలేదు. ఆ కోపంలో ఫోన్ చూస్తుండగా క్రేప్ అనే దొరల వంటకం కంట పడింది.

వీడియోలో ఎవరో దొరసాని, వెనకాల ఎర్రటి ఆకులు రాలుతుండగా, పల్చటి మైదాపిండిని పెనం మీద పోసి తిప్పుతోంది. దాని మీద తియ్యటి గుమ్మడికాయ ముద్ద రాసి, దాల్చినచెక్క పొడి చల్లింది. శరదృతువు రుచి అట. మల్కాజ్‌గిరిలో శరదృతువు అంటే దోమలూ, ఆరని బట్టలూనూ. "మైదా అట్టు మీద గుమ్మడి హల్వ. దీనికి గింత సంబరమా?" అనుకుంది కమలాబాయి. అనుకున్న మరుక్షణమే నిర్ణయం జరిగిపోయింది. ఈ ఇంట్లో ఎవరూ వండనిది, ఆ వచ్చే వంటమనిషి పేరు కూడా విననిది, రెండింటికల్లా తన చేత్తో చేసి బల్ల మీద పెట్టాలి. ఆ తర్వాత తనకు పొయ్యి చేతకాదని ఎవడంటాడో చూడాలి.

సరంజామాకు లోటు లేదు. హరికిషన్ సేఫ్టీ దేవుడి గూటిదాకా వెళ్లలేదు కాబట్టి అగ్గిపెట్టె ఉంది. దాల్చినచెక్క, లవంగాలు, జాజికాయ, శొంఠి తీసి చూస్తే దొరసాని శరదృతువు మసాలా మన బిర్యానీ సామానులో సగమని తేలింది. ఎదురింటి మేబెల్ టీచర్ మొన్న ఆదివారం చర్చిలో కోతల పండుగ నుంచి రెండు తీపి గుమ్మడికాయలు తెచ్చుకుని, అందులో ఒకటి కమలాబాయికి ఇచ్చింది. ఆరు కిలోల కాయ. చిక్కంతా దానితోనే వచ్చింది.

ఎందుకంటే గుమ్మడికాయకు మొదటి గాటు మగవాడే పెట్టాలి. నిండు కాయను ఆడది కోయకూడదు. ఒక మగచెయ్యి కత్తి దించాక ఆ తర్వాత చెక్కు తీయడం, గింజలు తీయడం, ముక్కలు కోయడం, వండటం, వడ్డించడం, గిన్నెలు కడగడం ఆడవాళ్లు చేసుకోవచ్చు, దానికి ఆక్షేపణ లేదు. ఆ ఇంట్లో ఈ నియమాన్ని పట్టుదలగా నడిపించింది ఎవరో కాదు, సాక్షాత్తూ కమలాబాయే.

ఇంట్లో మగవాడు లేడు. వాచ్‌మన్ సోమయ్య ఊళ్లో పెళ్లికి వెళ్లాడు. ఆమె ఎదురింటి తలుపు కొట్టింది.

మేబెల్ భర్త ఐజాక్ రిటైరైన రైల్వే గార్డు. నాలుగు రోజుల కిందటే కంటికి శుక్లాల ఆపరేషన్ అయి, నల్లద్దాలు పెట్టుకుని కూర్చున్నాడు. పని ఉందనగానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

"ముప్పై ఆరేళ్లు రైళ్లకు జెండా ఊపానండీ. గుమ్మడికాయ ఒక లెక్కా?" అంటూ వచ్చి చాకు అందుకున్నాడు. వెనకాలే మేబెల్ వచ్చింది.

"వంగకూడదు, బరువెత్తకూడదు అని డాక్టరు మొత్తుకుంటే విన్నారా? ఆ చాకు అక్కడ పెట్టండి."

"వదినగారు అడిగారు కదా మేబెల్."

"మీ కన్ను పోతే వదినగారు ఇస్తారా?" అని ఆయన చేతిలోంచి చాకు లాక్కుని, మేబెల్ కమలాబాయి వైపు తిరిగింది. "మీరే కోసుకోండి కమలాబాయిగారూ. మా ఇంట్లో ఎప్పుడూ నేనే కోస్తాను."

"మీకు నడుస్తది టీచరమ్మా. మాకు నడవది."

"ఎందుకు నడవదు?"

"మా అత్త చెప్పింది."

"ఆవిడకు ఎవరు చెప్పారు?"

"వాళ్ల అత్త."

ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన మేబెల్‌కు, పిల్లల దగ్గర జవాబు లేనప్పుడు ఇక అడిగి లాభం లేదని తెలుసు. మొగుణ్ని చెయ్యిపట్టుకుని ఇంటికి తీసుకుపోయింది.

కమలాబాయి కాసేపు గుమ్మడికాయను, కాసేపు గడియారాన్ని చూసి కొడుక్కి ఫోన్ చేసింది.

"హరీ, జెర ఇంటికొచ్చిపో బిడ్డా. ఇంట్ల మగమనిషి కావాలె. ఐదు నిమిషాల పనే."

"ఏందమ్మా, ఏమైంది?"

గుమ్మడికాయ అంటే వంట బయటపడుతుంది, వంట అంటే పొయ్యి బయటపడుతుంది. "ఏం కాలే. పెద్ద కత్తి యాడ పెట్టినవో గదన్న చెప్పు," అంది.

"కత్తి ఎందుకే?"

"ఏం లేదు తియ్యి. ఇగో దొరికింది," అని ఫోన్ పెట్టేసి, పిండి కలపడానికి కూర్చుంది.

అలాంటి ఫోన్ వచ్చాక ఏ కొడుకు ఫైళ్లు చూసుకుంటూ కూర్చుంటాడు? హరికిషన్ నాలుగుసార్లు తిరిగి చేశాడు. కమలాబాయి రెండు చేతులూ మైదాలో ఉన్నాయి. ఆయన బ్యాగూ, డబ్బా అన్నీ బల్ల మీదే వదిలేసి ఆటో ఎక్కి, దారిలోంచి అపార్ట్‌మెంట్ సెక్రటరీ నరసరాజుకు ఫోన్ చేశాడు. "సార్, మా ఇంట్ల ఎవడో దూరినట్టున్నడు. మా అమ్మ భయపడి చెప్తలేదు. మీరు జెర సప్పుడు చెయ్యకుండ పోయి చూడున్రి!"

లోపల కమలాబాయి పిండి పక్కన పెట్టింది. పన్నెండు కావస్తోంది. కొడుకు ఇక రాడనుకుంది. ఎదురుగా గుమ్మడికాయ కదలకుండా కూర్చుని ఉంది. దాన్ని చూస్తుంటే పోయిన పెనిమిటి గుర్తొచ్చాడు. ఆయన దర్జాగా వచ్చి, ఒక్క గాటు పెట్టి, చెయ్యి కడుక్కుని, మళ్లీ పేపరు ముందు కూర్చునేవాడు. ఆ ఒక్క గాటు కోసం తను ఎన్నిసార్లు పిలిచేది, ఎంతసేపు ఎదురుచూసేది! కమలాబాయికి ఒళ్లు మండింది. మొగుడి మీద మండింది, అత్త మీద మండింది, లైటర్ మోసుకుపోయే కొడుకు మీద మండింది. ఎక్కువగా తన మీదే మండింది. ఇన్నేళ్లు ఎందుకు విన్నట్టు?

ఆమె కొంగు నడుముకు దోపింది. కాయను నేల మీద పెట్టి, పెద్ద కత్తి రెండు చేతులా ఎత్తి పట్టుకుంది.

"ఇన్నేండ్లు నీకు భయపడ్డ. ఇయ్యాల నిన్ను రెండు ముక్కలు చెయ్యకుంటే నా పేరు కమలాబాయే కాదు!"

ధబ్బున ఒక్కటే దెబ్బ.

ఇంటి కప్పు కూలలేదు. దేవుడి దీపం ఆరలేదు. కాయ రెండుగా విడిపోయి, పచ్చటి కండ, తెల్లటి గింజలు బయటపడ్డాయి. అంత భయపడ్డందుకు చిన్నదైనా ఏదో ఒకటి జరిగి ఉండాల్సిందని ఆమెకు కొంచెం నిరాశ కూడా కలిగింది.

జరిగేది తలుపు అవతల జరుగుతోంది. నరసరాజు తలుపుకు చెవి ఆనించి ఆ మాటలన్నీ విన్నాడు. ఆ దెబ్బా విన్నాడు. పోయినేడు ఆయన అగ్నిప్రమాదాల గురించి ఒక పూట శిక్షణకు వెళ్లొచ్చాడు. అందులో ఆయనకు గుర్తున్నది ఒక్కటే, ఏ ఆపద వచ్చినా ముందు మెయిన్ స్విచ్ ఆపాలి. రెండేసి మెట్లు దిగుతూ పరుగెత్తి మొత్తం అపార్ట్‌మెంట్‌కు కరెంటు ఆపేశాడు. సరిగ్గా అప్పుడే హరికిషన్ లిఫ్టులో ఎక్కి మూడో అంతస్తు మీట నొక్కి ఉన్నాడు. లిఫ్టు రెండో అంతస్తు దాటి, మూడోది చేరకుండా ఆగిపోయింది.

అది పాతకాలపు ఇనుప జాలీ గేటు లిఫ్టు. హరికిషన్ తల మాత్రం మూడో అంతస్తు నేలకు పైన కనిపిస్తోంది, మిగతా మనిషంతా కింద ఉన్నాడు.

"అమ్మా! భయపడకు! నేనొచ్చిన!" అని ఆ తల గట్టిగా అరిచింది.

ఆ అరుపుకు అన్ని తలుపులూ తెరుచుకున్నాయి. నరసరాజు కర్ర పట్టుకుని మళ్లీ పైకొచ్చాడు. కమలాబాయి తలుపు తీసి, చీర మీద పచ్చటి మరకలతో, చేతిలో కత్తితో బయటికి రాగానే అందరూ రెండడుగులు వెనక్కి వేశారు.

"ఏందీ, అందరు గిట్లొచ్చిన్రు?"

"దొంగ ఏడమ్మగారూ?" అన్నాడు నరసరాజు.

"దొంగెవడు?"

"మరి రెండు ముక్కలు చేస్తానన్నారు?"

ఆమె కత్తితో లోపలికి చూపించింది. నరసరాజు తొంగిచూసి, కర్రను మెల్లగా వెనక దాచుకున్నాడు.

"గుమ్మడికాయ నువ్వు కోసినవా అమ్మా?" అంది లిఫ్టులోని తల.

"నేనే కోసిన."

"ఎందుకు?"

"వండనీకి."

"పొయ్యి ముట్టద్దన్న గదా!"

"అన్నవ్. నేను ముట్టుకుంట. వచ్చి ఆపు చూస్త."

హరికిషన్ గేటు పట్టుకుని ఊపాడు. గేటు కదల్లేదు. నరసరాజు కిందికి పోయి కరెంటు వేసొచ్చాడు. దీపాలు వెలిగాయి గానీ లిఫ్టు అంగుళం జరగలేదు. మెకానిక్‌కు ఫోన్ చేస్తే రాంగోపాల్‌పేట్‌లో ఇంకో లిఫ్టు కింద ఉన్నానని, రెండు గంటలు పడుతుందని చెప్పాడు.

కమలాబాయి కొడుక్కి కనపడేలా తలుపు బార్లా తీసిపెట్టి, అగ్గిపుల్ల గీసి పొయ్యి వెలిగించింది. గుమ్మడి తురుము నెయ్యిలో మగ్గింది, బెల్లం కరిగింది, దాల్చినచెక్క వాసన మెట్ల మీదుగా కిందిదాకా పోయింది. మొదటి క్రేప్ చెడింది. అలవాటు కొద్దీ పెనానికి ఉల్లిపాయ చెక్క రాయడంతో అది ఉల్లి దోసె వాసన కొట్టింది. దాన్ని నరసరాజు తిని, తప్పు చేసినవాడు కాబట్టి బ్రహ్మాండంగా ఉందన్నాడు. రెండోది చిరిగింది. మూడోది గాలికి రెపరెపలాడేంత పల్చగా, మచ్చ లేకుండా లేచొచ్చింది. కమలాబాయి దాన్ని అట్లకాడ మీద ఎత్తి పట్టుకుని అందరికీ చూపించింది.

ఒంటిగంటకు హరికిషన్‌కు ఆకలి మొదలైంది. అన్నం పళ్లెం జాలీలో దూరదు. గిన్నె దూరదు. ఐజాక్ తెచ్చిన బన్ను కూడా దూరలేదు. నాలుగు మడతలు పెట్టిన క్రేప్ మాత్రం సుఖంగా దూరుతుంది. కమలాబాయి పీట తెచ్చుకుని కొడుకు తల ముందు కూర్చుంది.

"పొయ్యి ఎవరిది?" అంది.

"అమ్మా, అందరు చూస్తున్నరు."

"చూడనియ్యి. పొయ్యి ఎవరిది?"

"...నీదే."

"వంటమనిషి?"

"ఊర్మిళను అడగాలె."

"చల్లారుతున్నది."

"వద్దంట! నేనే చెప్తా," అన్నాడు హరికిషన్. క్రేప్ జాలీలోంచి లోపలికి పోయింది. తర్వాత, "ఇంకోటున్నదా?" అన్న గొంతు వినిపించింది. కమలాబాయికి కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడు నెలలకు కొడుకు తన చేతి వంట అడిగి తింటున్నాడు. ఆ నీళ్లు ఎవరికీ కనపడకుండా ఇంకోటి తేవడానికి లేచింది.

రెండింటికి ఊర్మిళ, వెనకాల కుసుమకుమారి మెట్లెక్కి వచ్చేసరికి అయిదో క్రేప్ నడుస్తోంది. నలుగురూ నాలుగు వైపుల నుంచి జరిగింది చెప్పారు. మొగుడు లిఫ్టులో ఎందుకున్నాడని ఊర్మిళ అడగలేదు.

"గుమ్మడికాయ ఎవరు కోసిన్రు?" అంది.

"నేనే," అంది కమలాబాయి. గొంతు ఇందాకటంత గట్టిగా లేదు.

"మీరా అత్తమ్మా? పదకొండేండ్లు నన్ను ముట్టనియ్యలే. ఈయన టూర్ పోయినప్పుడు రెండు కాయలు ఫ్రిజ్ మీదనే కుళ్లిపోయినయ్. ఆ కంపు కడిగింది నేనే. ఎందుకు కొయ్యద్దని అడిగితే మనకు నడవదన్నరు. ఇయ్యాల మీకెట్ల నడిచింది?"

కమలాబాయి జాలీ వెనక ఉన్న కొడుకును చూసింది, ఎదురుగా నిలబడ్డ కోడల్ని చూసింది. పొద్దుటి నుంచి ఆమె యుద్ధం చేస్తున్నది ఊరికే అడ్డం పడేవాళ్ల మీద; ఆ అడ్డం పడేవాళ్లలో తన పేరు కూడా ఉంది. సిగ్గనిపించింది. అయినా తల మాత్రం దించలేదు.

"నాదే తప్పు!" అంది, ఎవరినో తిడుతున్నట్టు. "అందరి ముంగట చెప్తున్న. ఇగో కత్తి. పట్టు."

"సగం కాయ కోస్తే ఏం గొప్ప? ఆగండి," అని మేబెల్ గబగబా లోపలికి వెళ్లి, పండుగకు తెచ్చిన రెండో కాయను ఎత్తుకొచ్చింది. ఊర్మిళ హ్యాండ్‌బ్యాగ్ కుసుమకుమారి చేతికిచ్చి, బ్యాంకు చీర కుచ్చిళ్లు ఎగదోపి, పదకొండేళ్ల కోపంతో కత్తి దించింది. కాయతోపాటు కింద పెట్టిన పీట కూడా విరిగింది.

కుసుమకుమారి కత్తిని చూసింది, విరిగిన పీటను చూసింది, లిఫ్టులోని తలను చూసింది. హ్యాండ్‌బ్యాగ్ జాగ్రత్తగా గోడవారన పెట్టింది.

"ఈ ఇంటికి వంటమనిషి ఎందుకమ్మా, పంచాయితీ చెప్పేటోళ్లు కావాలె," అని, కమలాబాయి బలవంతం మీద రెండు క్రేపులు పొట్లం కట్టించుకుని వెళ్లిపోయింది.

మెకానిక్ వచ్చేసరికి మూడయింది. హరికిషన్ గడ్డానికి బెల్లం పాకంతో బయటపడి, నేరుగా వంటింట్లోకి నడిచాడు. అత్తాకోడళ్లు పొయ్యి దగ్గర పక్కపక్కన నిలబడి ఉన్నారు. రాజీ చేసుకోవాలనే ఉద్దేశంతో ఆయన చొక్కా చేతులు పైకి మడిచి, "కత్తి ఇటియ్యిన్రి. మిగిలిన కాయ నేను కోస్తా," అన్నాడు.

"అక్కర్లేదు," అన్నారు ఇద్దరూ ఒకేసారి, వెనక్కి తిరగకుండానే.

ఆ ఇంటి మగవాళ్లు తరతరాలుగా చేస్తూ వచ్చిన వంటపని అదొక్కటే; ఆ గురువారంతో అదీ పోయింది.