అరుగు మీద ఇంగ్లాండు టీవీ

మనం ఎన్నడూ చూడని టీవీ కార్యక్రమాలను తలచుకొని కళ్ళు తుడుచుకోవడం ఆరోగ్యానికి చాలా మంచిది. ఈ మాట నేను తమాషాకి అనడం లేదు. కావాలంటే మా వీధి మొత్తం వచ్చి సాక్ష్యం చెబుతుంది.

పాత జ్ఞాపకాలు చెప్పి ప్రాణం తీసేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. దూరం నుంచి వాళ్ళు కనబడగానే మీరు సందు మార్చేస్తారు కదా? ఎంత పొరపాటు! నరసాపురం పక్కనున్న మా పల్లెలో అలాంటి మనిషి ఎదుట మేమే చాపలు పరుచుకొని కూర్చుంటున్నాం.

ఆయన పేరు ప్రసన్నకుమార్ గారు. ఇంగ్లాండులో ముసలివాళ్ళను చూసుకునే హోములో తొమ్మిదేళ్ళు పనిచేసి, నిరుటేడు ఇంటికి వచ్చేశారు. అందరూ సెంట్లూ చాక్లెట్లూ తెస్తారు. ఈయన మాత్రం ఆ దేశపు శని, ఆదివారాల టీవీని తలనిండా నింపుకొని తెచ్చారు. విమానాశ్రయంలో ఏ అధికారీ పట్టుకోలేని సరుకు!

ప్రతి శనివారం సాయంత్రం ఆరింటికి ఆయన అరుగు మీద కూర్చొని ప్రసారం మొదలుపెడతారు. బొమ్మ ఉండదు. బొమ్మ ఎవరికి వాళ్ళు వేసుకోవాలి. అందులో ఎన్ని సుఖాలున్నాయో చూడండి. కరెంటు పోయినా కార్యక్రమం ఆగదు. రీఛార్జి అక్కర్లేదు. రిమోటే లేనప్పుడు రిమోటు కోసం జుట్లు పట్టుకోవడం ఎక్కడిది? అక్కడి పెద్ద ఛానెల్లో ప్రకటనలు ఉండవట. అందుకని ఆయనా మధ్యలో ఆపరు. మంచినీళ్ళు తాగడానికి లేచినా కళ్ళెర్రజేస్తారు. మా వీధివాళ్ళకు ఇంత క్రమశిక్షణ బడిలో కూడా రాలేదు!

ఇక విజ్ఞానం సంగతి. అక్కడ శనివారం సాయంత్రం ఒక పెద్దమనిషి బంతాట ఫలితాలు చదువుతాడట. రెండో జట్టు పేరు దగ్గర గొంతు లేపితే గెలిచినట్టు, దించితే ఓడినట్టు. అంకె చెప్పకముందే దేశమంతా గ్రహించేస్తుందట. ఇది విన్నాక పక్కింటి వెంకటరాజు గారు రొయ్యల రేటు అదే గొంతుతో చెప్పడం నేర్చుకున్నారు. ఆయనవి రొయ్యల చెరువులు. ఫోను చెవిన పెట్టుకొని, కిలోకు ముప్పై తూగే సైజును "ముప్పై కౌంటు..." అని గొంతు దించితే చాలు, అంకె రాకముందే గట్టు మీద జనం నెత్తిన చేతులు పెట్టుకుంటున్నారు. ఎంత సమయం ఆదా!

ఆదివారం డేరా వేసి కేకులు కాల్చే పోటీ ఉంటుందట. న్యాయనిర్ణేత కేకును కోసి, అడుగు తడిగా ఉందని ఒక్క మాట అంటాడట. అంతే, కాల్చినావిడ వలవలా ఏడుస్తుంది, ఆవిడతో పాటు దేశమూ ఏడుస్తుంది. మా సుబ్బాయమ్మ మామ్మ జీవితంలో కేకు తినలేదు. అయినా ఆ రోజు కొంగుతో కళ్ళొత్తుకుంది. ఆ మర్నాటి నుంచి ఎవరింటికి వెళ్ళినా గారెను తుంచి, లోపలికి తొంగిచూసి, "అడుగు తడిగా ఉందే అమ్మాయీ" అంటోంది. మా వీధిలో గారెల నాణ్యత పెరిగింది. కోడళ్ళ రక్తపోటు కూడా కొంచెం పెరిగింది. అభివృద్ధి అన్నాక అలాంటివి తప్పవు.

ఇంకోటి, కుక్క గొర్రెల్ని దొడ్లోకి తోలే పోటీ. ఒక కుక్క, అయిదారు గొర్రెలు, ఈల వేసే రైతు. జనం ఊపిరి బిగబట్టి చూస్తారట! ఇక్కడ మాత్రం మామ్మకు అభ్యంతరం వచ్చింది. గొర్రెల గంగయ్య కుక్క రోజూ ఆ పనే చేస్తుంది గదా, దాని మొహాన చప్పట్లు కొట్టిన నాథుడు లేడేం అంది. న్యాయమైన ప్రశ్న. ఆ మర్నాడు గంగయ్య మంద మా వీధిన వస్తుంటే అందరం లేచి చప్పట్లు కొట్టాం. గొర్రెలు బెదిరి వెంకటరాజు గారి పెరట్లో దూరి తోటకూర మడి మొత్తం మేసేశాయి. టీవీలో అలా జరగదట.

పొద్దుపోయాక వచ్చే ఆట మరీ గొప్పది. బల్ల మీది రంగు బంతుల్ని కర్రతో పొడుస్తారు. పక్కన వ్యాఖ్యాత, బంతులు నిద్రలేస్తాయేమో అన్నంత గుసగుసగా మాట్లాడతాడట. దీని ప్రభావంతో మా వీధిలో మొగుడూ పెళ్ళాల పోట్లాటలు గుసగుసల్లోకి దిగాయి. విషయమేంటో వినబడక ఇరుగుపొరుగు అల్లాడిపోతున్నారు. నిజం ఒప్పుకోవాలి, మా వీధికి జరిగిన నష్టం ఇదొక్కటే.

అన్నిటికన్నా మాకు నచ్చింది శనివారం రాత్రి డాన్సు పోటీ. జంట ఆడగానే న్యాయనిర్ణేతలు పదికి ఇన్నని అంకెల అట్టలు ఎత్తుతారట. ఆయన ఆ ఆట వర్ణించగానే మేమూ ఎత్తడం మొదలుపెట్టాం. పిల్లలు పలకలు ఎత్తుతారు, సుబ్బాయమ్మ మామ్మ చేతివేళ్ళు ఎత్తుతుంది. మామ్మ ఎవరికీ ఆరు దాటి వేళ్ళు లేపదు. సొంత మనవడి పెళ్ళి భోజనానికే అయిదు వేసిన మనిషి!

ఇన్ని లాభాలున్న ఈ టీవీని ఎవరైనా కాదంటారా?

ఒక్కరు అనవచ్చు. వారు రామలక్ష్మి గారు, ప్రసన్నకుమార్ గారి భార్య. కానీ ఆమె ఏమీ అనదు. గుమ్మంలో కూర్చొని లేసు అల్లుకుంటూ ఉంటుంది. మా వైపు ఆడవాళ్ళ చేతిలో లేసు సూది ఉందంటే వాళ్ళు ఏమీ వినడం లేదని మగవాళ్ళ నమ్మకం. ఈ నమ్మకం వల్ల ఎన్ని కొంపలు మునిగాయో ఎవరూ లెక్క రాయలేదు.

ఆమెకు ఒకే ఒక్క కోరిక ఉండేది. ఆయన ఇంగ్లాండులో ఉన్నప్పుడు శనివారం శనివారం ఫోను చేసి ఒక మాట ఇచ్చేవారు. తిరిగొచ్చాక ప్రతి శనివారం సాయంత్రం ఇద్దరూ నరసాపురం రేవులో పంటు పడవ ఎక్కి, గోదావరి దాటి, అవతలి ఒడ్డున సఖినేటిపల్లిలో టీ తాగి, దీపాల వేళకు మళ్ళీ పంటు మీదే వెనక్కి రావాలని. ఇదేమీ స్విట్జర్లాండు కాదు. ఊరందరూ బస్సెక్కినట్టు ఎక్కే పంటు. అయినా తొమ్మిదేళ్ళు ఆ మాట పట్టుకొని ఉంది.

ఆయన వచ్చారు. శనివారాలూ వచ్చాయి. ప్రతి శనివారం ఆమె మంచి చీర కట్టి, తలలో మల్లెపూలు పెట్టుకొని, గుమ్మంలో కూర్చుంటుంది. వచ్చేవారం తప్పకుండా వెళ్దాం లక్ష్మీ, ఇవాళ జనం కూర్చున్నారు కదా అని ఆయన అంటారు. ఆమె లోపలికి వెళ్ళి మాకు టీ పెడుతుంది. ఆ టీ తాగి మేము ఇంగ్లాండు వెళ్ళిపోతాం. పూలు వాడిపోతాయి.

ఆ ఇంట్లో రెండు గడియారాలు ఉన్నాయని చెప్పడం మరిచాను. ఒకటి మన టైము, రెండోది ఇంగ్లాండు టైము. ఆయన అక్కడ ఎప్పుడు లేస్తున్నారో, ఎప్పుడు తింటున్నారో తెలియాలని ఆమె వంటింటి గుమ్మం పైన పెట్టించుకుంది. ఏడాదికి రెండుసార్లు అక్కడివాళ్ళు గంట ముందుకీ వెనక్కీ జరుపుతారు. అప్పుడు ఈమె కూడా స్టూలెక్కి ముల్లు జరిపేది. ఆయన వచ్చేసినా దాన్ని తీయలేదు. అలవాటు, అంతే.

ఈ మధ్య ఒక శనివారం ప్రసన్నకుమార్ గారు మంచి ఊపు మీద ఉన్నారు. అక్కడి చలికాలం, బయట మంచు, లోపల హీటరు, ఒళ్ళో దుప్పటి, కాగితంలో చుట్టిన వేపుడు చేప, ఎదురుగా టీవీ. పిల్లలు అప్పటికే పలకలు తుడుచుకొని సిద్ధంగా ఉన్నారు.

"తొమ్మిదేళ్ళండి! ఒక్క శనివారం తప్పితే ఒట్టు. సరిగ్గా ఏడయ్యేసరికి సోఫాలో ఉండాల్సిందే" అన్నారాయన.

సూది ఆగింది.

ఆమె గుమ్మంలో కూర్చున్నంతసేపూ ఆ సూది ఆగడం మేమెవరం ఎన్నడూ చూడలేదు. వాన పడుతున్నా, పాలు పొంగుతున్నా అది ఆడుతూనే ఉండేది. రామలక్ష్మి గారు తల తిప్పి ఇంగ్లాండు గడియారం వంక చూసింది. చలికాలంలో అక్కడ సాయంత్రం ఏడైతే ఇక్కడ అర్ధరాత్రి పన్నెండున్నర. ఆయన ఫోను చేసేది దానికి గంట ముందు. ఆ ఫోను కోసం ఆమె తొమ్మిదేళ్ళు శనివారాలు మేలుకొని ఉంది. నాలుగు మాటలు మాట్లాడగానే, డ్యూటీకి టైమైపోతోంది లక్ష్మీ, పెట్టేస్తున్నా అనేవారు. పాపం, శనివారం కూడా విశ్రాంతి లేదని ఆమె మా అందరి దగ్గరా ఎన్నిసార్లు బాధపడిందో!

"మరి శనివారం ఏడింటి డ్యూటీ ఎవరు చేశారండి?" అంది.

అరిచి కాదు. బల్ల మీది బంతుల ఆట వ్యాఖ్యాత కన్నా మెల్లగా అంది.

ప్రసన్నకుమార్ గారి ప్రసారానికి మొదటిసారి అంతరాయం కలిగింది. వెంకటరాజు గారు "పద్దెనిమిదో శతాబ్దపు కుర్చీలకు వెల కట్టే కార్యక్రమం కూడా చెబుతానన్నారు కదండీ" అని మగజాతి తరఫున సాయపడబోయారు. సుబ్బాయమ్మ మామ్మ ఒక్క చూపు చూసింది. ఆయన గొంతు, ఫలితాల్లో ఓడిన జట్టు పేరులా దిగిపోయింది.

"అదే డ్యూటీ లక్ష్మీ" అన్నారు ప్రసన్నకుమార్ గారు చివరికి. "ఆర్థర్ గారని తొంభై ఏళ్ళాయన. ఒక్కడూ టీవీ చూడలేడు, బెంగ పెట్టుకుంటాడు. శనివారం సాయంత్రం ఆయన పక్కన కూర్చోవడమే నా పని."

నిజమో, అప్పటికప్పుడు అల్లిన లేసో, ఇప్పటికీ మా వీధిలో రెండు పార్టీలు ఉన్నాయి. రామలక్ష్మి గారు మాత్రం ఆ విచారణలోకి వెళ్ళలేదు. దారం సూదికి చుట్టి బుట్టలో పెట్టింది. లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"పక్కన కూర్చోవడం కూడా డ్యూటీయేనని ఇన్నాళ్ళూ నాకు తెలీదండి. తెలిస్తే మీరు వచ్చిన రోజే వేసేదాన్ని. చెప్పులేసుకోండి, పంటు వెళ్ళిపోతుంది."

మేము ఊపిరి బిగబట్టాం, కుక్కా గొర్రెల పోటీలో లాగా. ప్రసన్నకుమార్ గారు మా వంక చూశారు, ఆమె వంక చూశారు, మెల్లగా అరుగు దిగి చెప్పులు వెతుక్కున్నారు. ఆమె ముందు, ఆయన వెనక. గొర్రె దొడ్డి తలుపు దగ్గరికి చక్కగా చేరినట్టు వీధి మలుపు తిరిగారు.

వెనక్కి చూస్తే సుబ్బాయమ్మ మామ్మ రెండు చేతులూ ఎత్తి పట్టుకొని ఉంది. పది వేళ్ళూ!

పంటు మీద జరిగింది రామలక్ష్మి గారు మామ్మకు చెప్పగా మాకు తెలిసింది. నది మధ్యకు వచ్చాక ఆయన ఒక మాట చెప్పారట. టీవీలో ఏమీ బాగోలేనప్పుడు ఆర్థర్ గారు కథ చెప్పమనేవారట. ఈయన ఈ పంటు గురించే చెప్పేవారట. దీపాలు, గాలి, అవతలి ఒడ్డు టీ, పక్కన మల్లెపూలు. పంటు మొహం ఎరగని ఆ ముసలాయన కళ్ళు తుడుచుకునేవాడట. ఆమె ఏమందని అడిగాం. "అక్కడ టీవీ మానేసి పంటు వేశారు, ఇక్కడ పంటు మానేసి టీవీ వేశారు" అందట.

ఇప్పుడు శనివారాలు అరుగు మీద ఆయన చోటు ఖాళీ. వెంకటరాజు గారు, మామ్మ, పిల్లలూ అలవాటు చొప్పున వచ్చి కూర్చుంటున్నారు. మా ఇళ్ళన్నిటిలో నిజం టీవీలు ఉన్నాయి. వాటిలో బొమ్మ కూడా వస్తుంది. అయినా, ప్రసన్నకుమార్ గారు చెప్పే రోజుల్లో ఆ కేకులు ఎలా ఉండేవండీ అంటూ ఒకరికొకరు చెప్పుకొని కళ్ళు తుడుచుకుంటున్నారు. చూశారా, ఆరోగ్యానికి ఎంత మంచిదో!

కాకపోతే జ్ఞాపకాలు చెప్పే పెద్దమనుషులకు ఒక్క మనవి. మొదలుపెట్టే ముందు వంటింటి గుమ్మం పైన ఎన్ని గడియారాలున్నాయో తలెత్తి చూసుకోండి. ఆ ఇంట్లో ఇప్పటికీ రెండున్నాయి. రామలక్ష్మి గారు స్టూలెక్కి ముల్లు జరిపింది. రెండూ నరసాపురం టైమే చూపిస్తున్నాయి.